కలుపు మొక్కల్లో కమ్మని కూర: యూయెల్ గిబ్బన్స్ జీవితం

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో మన ఇళ్ళ ముందు ఒక చిన్న యుద్ధం మొదలవుతుంది. లాన్‌లో పసుపు పచ్చని డాండిలయన్ పువ్వు ఒకటి కనిపించిందో లేదో, శనివారం పొద్దున్నే మందు డబ్బా పట్టుకుని బయలుదేరతాం. ఎండలు ముదిరాక డ్రైవ్‌వే పగుళ్ళలో ఇంకో మొక్క నేలకి అంటుకుని పాకుతుంది. ఎర్రటి కాడలు, బొద్దుగా నున్నగా ఉండే ఆకులు. దానికీ అదే మందు కొడతాం. ఆ తర్వాత కారెక్కి అంత దూరం వెళ్ళి, ఇండియన్ స్టోర్‌లో సగం వాడిపోయిన తోటకూర కట్ట కొనుక్కుని వస్తాం. ఆ ఎర్ర కాడల మొక్క మన గంగపాయల కూరేనని, తెలంగాణలో గంగవాయిలి కూర అంటారని, మన అమ్మమ్మలు పప్పులో వేసి వండింది దాన్నేనని మనలో ఎంతమందికి తడుతుంది?

ఈ దేశంలో పుట్టి పెరిగిన ఒకాయన ఇదే సంగతిని తన దేశం వాళ్ళకి చెప్పీ చెప్పీ పేరు తెచ్చుకున్నాడు. ఆయనే యూయెల్ గిబ్బన్స్. 1970లలో ఇక్కడ స్థిరపడిన మన పెద్దవాళ్ళకి ఆయన ముఖం గుర్తుండవచ్చు. పొద్దున్న పాలల్లో వేసుకు తినే గ్రేప్ నట్స్ ప్రకటనలో టీవీలో కనిపించేవాడు. పైన్ చెట్టు కూడా తినొచ్చని చెప్పిన వింత మనిషిగా చాలామంది ఆయన్ని గుర్తు పెట్టుకున్నారు. అర్ధరాత్రి హాస్య కార్యక్రమాల్లో ఆయన మీద జోకులు వేసేవారు. ఆ నవ్వుల వెనక ఉన్న మనిషి కథ మాత్రం నవ్వుతో మొదలవలేదు, ఆకలితో మొదలైంది.

ఒక గుడ్డు, కాసిన్ని గింజలు

యూయెల్ గిబ్బన్స్ 1911 సెప్టెంబర్ 8న టెక్సాస్ రాష్ట్రంలో, రెడ్ రివర్ ప్రాంతంలోని క్లార్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నలుగురు పిల్లలున్న ఇల్లు. తండ్రికి ఏ పనీ ఎక్కువ కాలం నిలిచేది కాదు. ఒక ఊళ్ళో ఏదో మొదలుపెట్టడం, అది దెబ్బతినగానే సామాను సర్దుకుని ఇంకో ఊరికి బయలుదేరడం. తల్లికి మాత్రం ఒక ఆస్తి ఉండేది. చుట్టుపక్కల అడవిలో, చేలగట్ల మీద ఏది తినొచ్చో, ఏ కాలంలో ఏది దొరుకుతుందో ఆవిడకి బాగా తెలుసు. పిల్లలు ఆవిడ వెంట తిరుగుతూనే అది నేర్చుకున్నారు. ఐదేళ్ళ వయసులోనే యూయెల్ హికరీ గింజల్నీ, హాక్‌బెర్రీ అనే చెట్టు చిన్న పళ్ళనీ కలిపి దంచి ఒక మిఠాయి చేసుకున్నాడట. మన పల్లెటూళ్ళలో పిల్లలు రేగుపళ్ళు, బెల్లం కలిపి దంచి వడియాలు చేసుకోవడం లాంటిదే అదీను.

1922 ప్రాంతంలో ఆ కుటుంబం న్యూ మెక్సికోలోని ఎస్టాన్షియా లోయకి చేరింది. వానలు లేని చోటు. వేసిన పంట చేతికి రాలేదు. తండ్రి పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు. ఇంట్లో తల్లి, నలుగురు పిల్లలు. తిండి సామాను రోజురోజుకీ తరిగిపోయి, చివరికి కాసిన్ని పింటో చిక్కుడు గింజలు, ఒకే ఒక్క కోడిగుడ్డు మిగిలాయి. ఆ గుడ్డుని ఎవరూ ముట్టుకోలేదు. అది తానే తినెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు మరి.

అప్పుడు ఆ పదకొండేళ్ళ కుర్రాడు ఒక సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే కొండల్లోకి వెళ్ళాడు. సాయంత్రానికి ఆ సంచీలో పుట్టగొడుగులు, పిన్యాన్ అనే పైన్ చెట్టు గింజలు, నాగజెముడు పళ్ళు ఉన్నాయి. నాగజెముడు పండంటే మన రాయలసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముళ్ళు నేలకి రాచి, చీల్చి, ఎర్రటి గుజ్జు తిన్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. అసలా మొక్క మన దేశానికి వెళ్ళిందే అమెరికా ఖండాల నుంచి. ఆ రోజు మొదలు దాదాపు నెల రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ కుర్రాడు తెచ్చిన వాటితోనే. తర్వాత తండ్రి తిరిగి వచ్చాడు.

ఇది చదివి అయ్యో పాపం అనుకుని వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. ఆ నెల రోజులూ ఆ ఇంటిని నిలబెట్టింది అదృష్టం కాదు, ముందే నేర్చుకున్న చదువు. ఏది పుట్టగొడుగో, ఏది విషమో తెలియకుండా ఆకలితో అడవిలోకి వెళ్ళిన పిల్లవాడు ఇంటికి చావు తెచ్చి ఉండేవాడు. తల్లి నేర్పిన చదువే ఆ రోజు ఆ తల్లికి అన్నం పెట్టింది.

చూపు నేర్చుకున్న రోజు

ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే పేరు పొందిన సంఘటన దాదాపు పన్నెండేళ్ళ వయసులో జరిగింది. అప్పటికి వాళ్ళు రియో గ్రాండే నది లోయలో ఉంటున్నారు. చేపలు పట్టడానికని సాగునీటి కాలువ గట్టు వెంట నడుస్తుంటే ఒకచోట ఆస్పరాగస్ మొలకలు లేతగా కనిపించాయి. మన పిల్లిపీచరకి అది దగ్గర చుట్టం. తోటల్లో పెంచే ఆస్పరాగస్ గింజలు పిట్టల వల్ల బయటపడి గట్ల మీద మొలుస్తాయి. కుర్రాడు ఆ మొలకలు కోసుకున్నాడు. కోసుకుని ఊరుకోలేదు. వాటి పక్కనే కిందటేడాది ఎండిపోయిన పాత కాడ ఒకటి నిలబడి ఉంది. దాన్ని కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. దాని రంగు, ఎత్తు, కొమ్మలు విరిసిన తీరు మనసులో పట్టించుకున్నాడు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి నడిస్తే, ఇందాక తాను చూడకుండా దాటి వచ్చిన మొక్కలు ఎన్నో కనిపించాయి. దారి మారలేదు, చూపు మారింది.

ఆయన మొదటి పుస్తకానికి పేరు ఆ సంఘటన వల్లే వచ్చింది. కానీ అది రావడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది.

తిరుగుళ్ళు

పదిహేనేళ్ళకి గిబ్బన్స్ ఇల్లు వదిలాడు. ఆ తర్వాత ఆయన చెయ్యని పని లేదు. పాల డెయిరీలో పనిచేశాడు, వడ్రంగి అయ్యాడు, పశువుల్ని తోలాడు, ఉచ్చులు పన్ని జంతువుల్ని పట్టాడు, ఏటి ఇసుకలో బంగారం రేణువులు వెతికాడు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో మూట భుజాన వేసుకుని కాలిఫోర్నియాలో ఊరూరా తిరిగే కూలీల్లో ఒకడయ్యాడు. గూడ్సు రైళ్ళెక్కి పని వెతుక్కునే జనం వాళ్ళు. వాళ్ళ కష్టాలు చూసి కమ్యూనిస్టులతో కలిసి కరపత్రాలు రాశాడు. కొంతకాలం సైన్యంలో కూడా పనిచేశాడు. 1939లో సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడినప్పుడు ఆ పార్టీకి దూరమయ్యాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ని హవాయి దీవులకి చేర్చింది. అక్కడ నౌకాదళానికి పడవలు కట్టే పని, బాగుచేసే పని. మొదటి పెళ్ళి నిలబడలేదు. యుద్ధం అయ్యాక కొంతకాలం సముద్రపు ఒడ్డున ఉంటూ, దొరికింది వండుకుంటూ బతికాడు. కొబ్బరి, సీమపనస, చేమ, చేపలు, పీతలు, సముద్రపు నాచు. కోనసీమ వాళ్ళకి ఈ జాబితా చూస్తే సొంతూరు గుర్తొస్తుంది. ఆ అనుభవంతోనే తర్వాత, 1967లో, సముద్రతీరపు బతుకు గురించి ఒక పుస్తకం రాశాడు.

ముప్పై ఆరేళ్ళ వయసులో ఆయన హవాయి విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరాడు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆయన వయసులో సగం ఉన్న పిల్లలు. మానవశాస్త్రం చదివాడు. రచనలో విశ్వవిద్యాలయం ఇచ్చే బహుమతి కూడా గెలుచుకున్నాడు. 1940ల చివర్లో ఫ్రీడా ఫ్రయర్ అనే ఉపాధ్యాయినిని పెళ్ళి చేసుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ క్వేకర్లలో చేరారు. యుద్ధాలకి దూరంగా, నిరాడంబరంగా, మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకునే క్రైస్తవ శాఖ అది. 1953లో ఇద్దరూ అమెరికా ప్రధాన భూభాగానికి తిరిగి వచ్చారు. ఇండియానాలో కొందరితో కలిసి ఉమ్మడి వ్యవసాయం చెయ్యాలని ప్రయత్నించారు గానీ అది సాగలేదు. చివరికి ఫిలడెల్ఫియా దగ్గర పెండిల్ హిల్ అనే క్వేకర్ల విద్యాకేంద్రంలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆయన పనుల్లో ఒకటి, రోజూ పొద్దున్నే అందరికీ ఉపాహారం వండడం.

నవల కాదు, వంట పుస్తకం

యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా గిబ్బన్స్‌కి రచయిత కావాలనే కోరిక తీరలేదు. 1960లో, ఇల్లు నేను చూసుకుంటానని భార్య ధైర్యం చెప్పాక, ఉద్యోగం మాని పూర్తిగా రాతకి కూర్చున్నాడు. ఇలాంటి నిర్ణయాల్లో పేరు ఒకరికి వస్తుంది, బరువు ఇంకొకరు మోస్తారు. ఫ్రీడా ఆ బరువు మోసింది.

మొదట రాసింది ఒక నవల. ఒక పేద బడిపంతులు అడవిలో దొరికే వాటితో గొప్ప విందులు చేసి, డబ్బున్నవాళ్ళని అబ్బురపరుస్తాడు, అదీ కథ. ప్రచురణ రంగంలో ఉన్నవాళ్ళు చదివి, కథ సంగతి అలా ఉంచి అందులోని మొక్కల సంగతులూ వంటల సంగతులూ నేరుగా రాస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు. ఆయన కథని తీసేసి, మొక్కల్ని ఉంచాడు. అలా 1962లో అడవి ఆస్పరాగస్ పేరుతో పుస్తకం బయటికి వచ్చింది. ఆ ఒక్క పుస్తకంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఇప్పటికీ ఆ పుస్తకం అచ్చులో ఉంది.

ఆ పుస్తకం తీరు చాలా సాదాగా ఉంటుంది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో మొక్క. దాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఎక్కడ పెరుగుతుంది, ఏ నెలలో ఏ భాగం కోసుకోవాలి, ఎలా వండాలి. వెన్న, పంచదార, పంది మాంసం అన్నీ వాడుకుంటాడు. ప్రకృతి ఆహారం పేరు చెప్పి చప్పిడి కూడు తినమనడు. ఇంటికి అతిథుల్ని పిలిచి విందు పెట్టేటంత రుచిగా ఉండాలన్నది ఆయన పట్టుదల. కరువు రోజుల్లో తిన్న తిండిని పండగ రోజు వడ్డించాడు. పేదవాళ్ళ తిండి అని తలదించుకోవలసింది ఇందులో ఏమీ లేదని ఆయన వంట చేసి చూపించాడు.

అందులో మన మొక్కలు

ఆయన రాసిన మొక్కల్లో మనకి తెలిసినవి చాలానే ఉన్నాయి. అన్నిటికంటే ముందు గంగపాయల కూర. ఇంగ్లీషులో పర్స్‌లేన్. దీన్ని ఆయన భారతదేశం ప్రపంచానికి ఇచ్చిన కానుకగా పరిచయం చేశాడు. మన దేశంలో దీన్ని ఎంతో కాలంగా తింటుంటే అమెరికా తోటమాలులు పీకి పారేస్తున్నారే అన్నది ఆయన బాధ. కొలంబస్ రాకముందే ఈ మొక్క ఉత్తర అమెరికాలో ఉందని తర్వాతి కాలంలో దొరికిన గింజల వల్ల పరిశోధకులు తేల్చారు. కాబట్టి కానుక మాట ఎలా ఉన్నా, ఆయన మెచ్చుకున్న గుణం మాత్రం నిజమే. ఆకుకూరల్లో అరుదుగా కనిపించే ఒమేగా-3 కొవ్వు ఇందులో బాగా ఉంటుంది. పులుపు కూడా ఉంటుంది కాబట్టి పప్పులో చింతపండు తగ్గించుకోవచ్చు.

రెండోది లాంబ్స్‌క్వార్టర్స్. మనం పప్పుకూర, చక్రవర్తి కూర అని పిలిచేదీ, ఉత్తరాది వాళ్ళు బతువా అని రొట్టెల్లో కలుపుకునేదీ ఇదే. లేత ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది. అమెరికాలో తవ్వి వదిలేసిన నేల ఎక్కడున్నా ఇది మొలుస్తుంది. మూడోది పిగ్‌వీడ్. పేరు వింటే పందులకి వేసేదేమో అనిపిస్తుంది గానీ, అది మన తోటకూర జాతే. నాలుగోది చెరువుల్లో పెరిగే జమ్ము. వసంతంలో లేత కాడ, వేసవి మొదట్లో పచ్చి కంకి, తర్వాత పుప్పొడి, చలికాలంలో వేళ్ళలోని పిండి, ఇలా ఏడాది పొడుగునా ఏదో ఒకటి తినడానికి దొరుకుతుంది. అందుకే చిత్తడి నేలలో ఉన్న కిరాణా కొట్టుగా గిబ్బన్స్ దాన్ని పరిచయం చేశాడు.

మనకి తెలియనివీ ఉన్నాయి. ఓక్ చెట్టు కాయల్లో వగరు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి ఉడికించి పిండి చేసుకోవడం గురించి రాశాడు. ఈ నేల ఆదివాసులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని అది. మిల్క్‌వీడ్ అనే పాల మొక్కని నీళ్ళు మార్చి ఉడికించి వండడం గురించి రాశాడు. ఇక్కడ మనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి చుట్టమే. చుట్టం కదా అని జిల్లేడు వండితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకే కుటుంబంలో ఒకటి కూర, ఒకటి విషం. అమెరికాలోనే మిల్క్‌వీడ్‌ని పోలిన విషపు మొక్కలు ఇంకా ఉన్నాయి. గిబ్బన్స్ చదువంతా ఈ తేడా తెలుసుకోవడంలోనే ఉంది.

ఆ తర్వాత పుస్తకాలు వరసగా వచ్చాయి. 1964లో సముద్రతీరంలో దొరికే తిండి గురించి, 1966లో ఔషధ మొక్కల గురించి రాశాడు. తన అన్నదమ్ముల్లో ఒకరితో కలిసి మధుమేహం ఉన్నవాళ్ళు తినే వంటల మీద కూడా పుస్తకం తెచ్చాడు. 1963 నుంచి ఆయన కాపురం పెన్సిల్వేనియా మధ్య భాగంలో, బీవర్‌టౌన్ దగ్గర పల్లెలో. ఊరి చుట్టూ అడవులు, వాగులు.

నదిలో పడవ, జేబులో తిండి లేదు

1968లో న్యూయార్కర్ పత్రికలో జాన్ మెక్‌ఫీ అనే రచయిత గిబ్బన్స్ మీద పెద్ద వ్యాసం రాశాడు. దానికోసం ఇద్దరూ నవంబర్ నెల చలిలో కొన్ని రోజులు కలిసి ప్రయాణం చేశారు. కొంత దూరం సస్క్వెహానా నది మీద పడవలో, కొంత దూరం అపలేచియన్ కొండదారిలో కాలినడకన. కొట్టులో కొన్న తిండి తినకూడదన్నది నియమం. నవంబర్ అంటే ఆకులు రాలిపోయి, గడ్డి ఎండిపోయిన కాలం. ఏం దొరుకుతుందని ఎవరైనా అనుకుంటారు.

దొరికాయి. దుంపలు, గింజలు, పళ్ళు, మంచుకి తట్టుకున్న ఆకుకూరలు. మొదట్లో ఉప్పు, నూనె కూడా లేకుండా తిన్నారు. తర్వాత ఉప్పు, ఆపైన నూనె, ఇలా ఒక్కొక్కటే చేర్చుకుంటూ వెళ్ళారు. చప్పిడి తిండి తిన్న తర్వాత నోట పడిన మొదటి ఉప్పు రవ్వ విలువ ఏమిటో, ఏకాదశి ఉపవాసం చేసి ద్వాదశి పారణ చేసినవాళ్ళకి తెలుసు. ప్రయాణం ముగిశాక బరువు చూసుకుంటే ఇద్దరూ చిక్కిపోలేదు సరికదా, కాస్త పెరిగారు.

ఆ వ్యాసం వల్లే పాఠకులకి ఆయన బాల్యంలోని ఆకలి కథ బాగా తెలిసింది. అంతవరకూ సరదాకి మొక్కలు ఏరుకునే పెద్దమనిషి అనుకున్నవాళ్ళకి, ఈ చదువు ఏ గట్టు మీద నేర్చుకున్నదో అర్థమైంది.

పేరు తెచ్చిన తంటా

1970ల మొదట్లో అమెరికా యువతరం పల్లెలకి, ప్రకృతికి తిరిగి పోదామంటున్న రోజులు. గిబ్బన్స్ పేరు ఇంటింటికీ చేరింది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1972లోనూ 1973లోనూ ఆయన వ్యాసాలు వేసింది. తర్వాత జనరల్ ఫుడ్స్ కంపెనీ గ్రేప్ నట్స్ ప్రకటనలకి ఆయన్ని తీసుకుంది. పైన్ చెట్టులో తినదగిన భాగాలు చాలా ఉన్నాయని ఆయన చెప్పిన మాట దేశమంతా పాకింది. నిజానికి ఆ మాటలో అబద్ధం లేదు. పిల్లప్పుడు వాళ్ళింటిని నిలబెట్టిన పిన్యాన్ గింజలు పైన్ చెట్టువే. కానీ ముప్పై సెకన్ల ప్రకటనలో ఆ కథ పట్టదు. జనానికి మిగిలింది చెట్లు తినే మనిషి అనే బొమ్మ. సోనీ, షేర్ కార్యక్రమంలో ఆయనకి ఒక చెక్క జ్ఞాపిక ఇస్తే, ఆయన కూడా నవ్వుతూ దాన్ని కొరికి చూపించాడు. తన మీద జోకులకి తానూ నవ్వగలిగిన మనిషి.

కానీ ఇంకో సమస్య నవ్వుకునేది కాదు. 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనల మీద అభ్యంతరం చెప్పింది. టీవీలో పెద్దాయన అడవి కాయలు కోసుకు తింటుంటే చూసిన పసిపిల్లలు, పెరట్లో కనిపించిన ఏ విషపు కాయనో నోట్లో పెట్టుకుంటారన్నది వాళ్ళ భయం. ఆ భయంలో న్యాయం ఉంది. ఒక మొక్కని గుర్తుపట్టడానికి గిబ్బన్స్ తన పుస్తకంలో పేజీలకు పేజీలు రాశాడు. ప్రకటనలో ఆ పేజీలు ఎగిరిపోయి, కోసుకుని నోట్లో వేసుకోవడం ఒక్కటే మిగిలింది. ఆయన జీవితమంతా నేర్చుకున్న చదువులో జాగ్రత్త సగం, రుచి సగం. జాగ్రత్తని వదిలేసి రుచిని మాత్రమే చూపిస్తే అది ఆయన చదువు కాదు.

1975 డిసెంబర్ 29న గిబ్బన్స్ కన్నుమూశాడు. అప్పటికి అరవై నాలుగేళ్ళు. ఏ విషపు మొక్కో తిని పోయాడని ఒక పుకారు పుట్టింది, అది ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తుంది. అది నిజం కాదు. గుండె నుంచి ఒంటికి రక్తాన్ని తీసుకెళ్ళే బృహద్ధమని ఉబ్బి చిట్లిపోవడం వల్ల ఆయన చనిపోయాడు. మార్ఫన్ సిండ్రోమ్ అనే, పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళకి ఇలా జరగడం తరచుగా ఉంటుంది. యాభై ఏళ్ళకి పైగా అడవి తిండి తిన్న మనిషిని ఏ ఆకూ చంపలేదు.

మనకి ఆయన ఎందుకు?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకో సామెత ఉంది. గిబ్బన్స్ బతుకంతా ఆ సామెత మీద పోరాటమే. కలుపు అనే మాట మొక్క గుణం చెప్పదు, మన అజ్ఞానం చెబుతుంది. పొన్నగంటి, అటికమామిడి, పులిచింతాకు, గునుగు. వీటిని చేలల్లో ఎవరూ విత్తరు, నీళ్ళు పెట్టరు. అయినా చేనుకి కూలికి వెళ్ళిన ఆడవాళ్ళ కొంగుల్లో సాయంత్రానికి ఇంటికి చేరేవి. అవి లేనివాళ్ళ కూరలు అనుకున్నాం. చదువుకున్నాం, పట్నం వచ్చాం, సముద్రాలు దాటాం. ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు ఒక్కో ఆకు పేరు మరిచిపోయాం. గిబ్బన్స్ కూడా పేదరికం నుంచే వచ్చాడు. కానీ మెట్లెక్కేటప్పుడు తల్లి నేర్పింది కింద వదిలిపెట్టలేదు, పైకి తెచ్చుకుని నలుగురికీ వడ్డించాడు.

ఇది చదివి రేపే బుట్ట పట్టుకుని బయలుదేరమని కాదు. ఉదాహరణకి గంగపాయల కూర పక్కనే, అచ్చం అలాగే నేలకి అంటుకుని స్పర్జ్ అనే మొక్క పెరుగుతుంది. మన నానబాలు జాతిది. కాడ తుంచితే తెల్లటి పాలు వస్తాయి. పాలు వస్తే అది గంగపాయల కూర కాదు, తినకూడదు. పోక్ అనే మొక్క లేత చిగుళ్ళని దక్షిణాది రాష్ట్రాల్లో నీళ్ళు మార్చి ఉడికించి తింటారు గానీ, దాని వేళ్ళూ కాయలూ విషం. అలాంటివాటి జోలికి కొత్తవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది. పుట్టగొడుగులు పుస్తకం చూసి, ఫోన్‌లో ఫొటో చూసి తినేవి కావు. మందు కొట్టిన లాన్‌లలో, పెద్ద రోడ్ల పక్కన, పాత ఇళ్ళ గోడల మొదట్లో పెరిగినవి కొయ్యకూడదు. పార్కుల్లో కోసే ముందు అక్కడి నిబంధనలు తెలుసుకోవాలి. గంగపాయల్లోనూ చక్రవర్తి కూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి తినాలి. చాలా ఊళ్ళలో ప్రకృతి కేంద్రాల వాళ్ళు మొక్కలు గుర్తుపట్టడం నేర్పిస్తూ నడిపించుకు వెళ్తారు. పిల్లల్ని తీసుకుని వాటికి వెళ్ళడం మంచి మొదలు. ఒక ఏడాదికి ఒక్క మొక్క బాగా నేర్చుకున్నా చాలు. మొలకగా, ఆకుగా, పువ్వుగా, ఎండిన కాడగా దాన్ని చూసి గుర్తుపట్టగలిగితే అది మనదైనట్టే.

ఈ చదువులో సగం మనకి అమెరికా పుస్తకాల్లో దొరుకుతుంది. మిగతా సగం ఇంకా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర ఉంది. గిబ్బన్స్ తల్లి తన కొడుక్కి చెప్పినట్టు మనకి చెప్పేవాళ్ళు ఉన్నారు, మనమే అడగడం లేదు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యాలు, పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు అయ్యాక ఒక్క ప్రశ్న వెయ్యండి. మీ చిన్నప్పుడు కొనకుండా తెచ్చుకుని వండుకున్న కూరలు ఏమిటని అమ్మనో, అత్తయ్యనో, నాయనమ్మనో అడగండి. పేరు, ఎక్కడ దొరికేది, ఏ నెలలో, ఎలా వండేవారు, అన్నీ రాసుకోండి. ఆ కాగితం ఏదో ఒకరోజు మీ పిల్లల పిల్లలకి ఆస్తి అవుతుంది.